అక్క లైన్‌లో ఉన్న రోజులు

ఇప్పుడు అక్క తెనాలిలో ఉంది. నేను ఇక్కడ అమెరికాలో, క్యారీలో పొద్దున్నే కాఫీ కలుపుకునే వేళకి అక్కడ తను టీవీ సీరియళ్ళ ముందు కూర్చుని ఉంటుంది. నేను మధ్యాహ్నం అన్నం తినే వేళకి గురక పెడుతూ ఉంటుంది. రోజు మొత్తానికి ఓ అరగంట దొరికితే గొప్ప. ఆ అరగంటలో కూడా "ఉండవే, ఎవరో తలుపు కొడుతున్నారు" అని లేచిపోతుంది. ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీదో చెప్పలేను, భూమి గుండ్రంగా ఉన్నందుకే అనుకోండి.

ఒకప్పుడు అలా కాదు. ఓ రెండేళ్ళపాటు మాకిద్దరికీ ఒకేసారి తెల్లారింది, ఒకేసారి పొద్దుగూకింది. అక్క జెర్సీ సిటీలో కూతురి దగ్గర, నేను నార్త్ కరొలైనాలో నా కూతురి దగ్గర. మధ్యలో ఎనిమిది గంటల కారు ప్రయాణం ఉంటే ఉండనీ, గడియారం మాత్రం ఒకటే. నా జీవితంలో మళ్ళీ కావాలని అడిగే అవకాశమే వస్తే, పెళ్ళి రోజులు కాదు, ఉద్యోగం రోజులు కాదు, ఆ రెండేళ్ళే అడుగుతాను. మా ఆయన వింటే నొచ్చుకునేవారేమో. కానీ ఆయన పోవడం వల్లే నాకు ఆ రోజులు వచ్చాయి, ఏం చేస్తాం.

ఆయన పోయాక మా అమ్మాయి నన్ను తనతో తెచ్చుకుంది. తను మందుల కంపెనీలో పని చేస్తుంది, అల్లుడు గారిది సాఫ్ట్‌వేర్. పొద్దున్నే ఇద్దరూ చెరో కారులో వెళ్ళిపోతే గరాజ్ తలుపు కిందికి దిగిన చప్పుడు, ఆ తర్వాత ఇంకేమీ ఉండేది కాదు. ఈ ఊళ్ళో పగటిపూట మనిషి అలికిడి ఉండదు. పోస్టు బండి వచ్చిందంటే నేను కిటికీ దగ్గరికి పరుగెత్తి చూసేదాన్ని. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, గదినిండా గోల మధ్య బతికినదాన్ని, ఆ నిశ్శబ్దంలో పిచ్చెక్కిపోతుందేమో అని భయపడ్డాను. ఒకరోజు అక్కకి ఫోన్ చేసి మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశాను.

అక్క ఓదార్చలేదు. తనకి అవి చేతకావు. "పొయ్యి మీద ఏం పెట్టావు?" అంది.

"పప్పు."

"సరే, నువ్వు పప్పు చేసుకో. నేను వంకాయలు తరుక్కుంటా. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు, అలా ఉంచు."

అలా మొదలైంది. పొద్దున ఇళ్ళు ఖాళీ కాగానే ఇద్దరిలో ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్ళం. దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళం. నాది ఎప్పుడూ కుడి చెవే. అక్క పోపు వేస్తే ఆవాలు చిటపటమనడం నాకు వినిపించేది. నేను పంపు తిప్పితే "నీళ్ళు అంత పారబోస్తావేంటే" అని అక్కణ్ణుంచి కేకలేసేది. ఒక్కోసారి గంటసేపు ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడుకునేవాళ్ళం కాదు. తర్వాత "ఏమే, ఉన్నావా?" అనేది. "ఉన్నా" అనేదాన్ని. అంతే, మళ్ళీ ఎవరి గిన్నెలు వాళ్ళవి. పెళ్ళైన కొత్తలో అక్క గొంతు వినాలంటే పోస్టాఫీసుకి పోయి ట్రంకాల్ బుక్ చేసుకుని, గంటలు గంటలు బెంచీ మీద కూర్చుంటే, "బాగున్నావా" అనేలోపు కట్ అయ్యేది. అలాంటిది పొద్దస్తమానం అక్క ఊపిరి నా చెవిలో. ఇంతకన్నా ఏం కావాలి నాకు!

ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, మా ఇంటావంటా సెల్‌ఫోన్ అంటే హడలిపోయే మనిషి ఎవరైనా ఉంటే అది అక్కే. ఫోన్‌లోంచి రేడియేషన్ వస్తుందని, అది మెదడుని ఉడకబెడుతుందని దానికి గట్టి నమ్మకం. ఆదివారం అనుబంధాల్లో చదివినవి, వాట్సాప్‌లో వచ్చినవి అన్నీ దానికి కంఠతా. ఫోన్ వెనక బంగారు రంగు స్టిక్కర్ ఒకటి అంటించింది, రేడియేషన్‌ని పీల్చేస్తుందట. పడుకోబోయే ముందు ఇంట్లో వాళ్ళందరి ఫోన్లూ లాక్కుని జంతికల స్టీలు డబ్బాలో వేసి మూత బిగించేది. స్టీలు డబ్బాలో పెడితే ఫోన్ టవర్ కోసం ఇంకా గట్టిగా వెతుక్కుంటుంది పెద్దమ్మా, ఛార్జింగ్ ఊరికే అయిపోతుంది అని మా అమ్మాయి ఎంత చెప్పినా వినేది కాదు. "వెతుక్కోనీ, డబ్బాలోనే కదా" అనేది.

నేను ఊరుకుంటానా? "అంత భయమున్న దానివి పగలంతా చెవికి అంటించుకుని కూర్చుంటావెందుకే?" అని ఏడిపించేదాన్ని.

"నీతో మాట్లాడితే ఏమీ కాదులే" అనేది తను, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

లెక్కల టీచర్ని కదా, ఇలాంటి సమాధానాలకి నాకు తిక్క రేగేది. "పరాయివాళ్ళతో మాట్లాడితే రేడియేషన్, చెల్లెలితో మాట్లాడితే ఉత్త గాలా? ఏ పుస్తకంలో ఉంది?" అని దులిపేసేదాన్ని. అది పకపకా నవ్వేది. అక్క నవ్వు మొదలైతే ఆగదు, మధ్యలో దగ్గు కూడా వస్తుంది. ఫోన్ దూరంగా పెట్టి, దగ్గు అయ్యాక మళ్ళీ వచ్చి నవ్వేది.

రెండో ఏడాది చలికాలంలో నా కుడి చెవిలో కుయ్‌మని మోత మొదలైంది. జలుబనుకున్నాను. వెల్లుల్లి వేసి కాచిన నూనె అక్క ఫోన్‌లో చెప్తుంటే చేసుకున్నాను. మోత పోలేదు సరికదా, ఎడమ పక్కన నిలబడి పిలిస్తే పలికేదాన్ని, కుడి పక్కన పిలిస్తే సగమే వినిపించేది. ఇంట్లో నడుస్తుంటే ఒక్కోసారి గోడ నా మీదికి వచ్చినట్టుండేది. అమ్మాయి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వినికిడి పరీక్ష అయింది, తర్వాత ఎమ్మారై స్కాన్. ఆ గొట్టంలో పడుకోబెట్టి కదలొద్దంటే, నా చుట్టూ ఎవరో డబ్బాలు బాదుతున్నట్టు ఆ మోత! ఇంతకన్నా నా చెవిలో మోతే నయమనిపించింది.

చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం మీద చిన్న గడ్డ ఉందన్నారు. డాక్టరమ్మ తెల్లగా, పొడుగ్గా, నిదానంగా మాట్లాడే మనిషి. క్యాన్సర్ కాదు, భయపడొద్దు, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఇప్పుడప్పుడే కొయ్యక్కర్లేదు, ఆర్నెల్లకోసారి స్కాన్ తీసి చూసుకుందాం అంది. కానీ ఆ చెవి వినికిడి మాత్రం పోవచ్చు, ఎప్పుడో చెప్పలేను, మెల్లగా పోవచ్చు, ఉన్నట్టుండి కూడా పోవచ్చు అంది. పోతే ఇక రాదట.

అమ్మాయి ఫోన్ గురించి అడిగింది. ఆవిడ చెప్పినదాన్ని నాకు తెలుగులో చెప్పింది. ఎందరో ఏళ్ళ తరబడి చూశారట, ఫోన్ వల్లే ఇలా అవుతుందని గట్టిగా తేలలేదట. భయమనిపిస్తే స్పీకర్‌లో పెట్టుకుని మాట్లాడమందట. సరే, అయిపోయింది. ప్రాణం మీదికి రాలేదు కదా అనుకుని దారిలో ఆగి కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చాం.

ఆ సాయంత్రం మా అమ్మాయి అక్క కూతురికి ఫోన్‌లో చెప్పింది. అక్క కూతురు అక్కకి చెప్పింది. మర్నాడు ఇల్లు ఖాళీ అయ్యాక నేను ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. స్నానం చేస్తోందేమో అనుకున్నాను. మళ్ళీ చేశాను. మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నాను, మోగి మోగి ఆగిపోయింది. కిందపడిందేమో అని భయమేసింది. అక్క కూతురికి ఆఫీసుకి ఫోన్ చేశాను.

"అమ్మ బానే ఉంది పిన్నీ" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి. "రాత్రి నుంచి ఏడుస్తోంది. ఫోన్ ముట్టుకోవట్లేదు. నేనే దాని చెవి తినేశాను అంటోంది. మొగుడు పోయి ఒంటరిదైపోయిందని, తోడుంటానని చెప్పి దాని చెవి కాల్చేశానంటోంది. బాబాయి పోయిన దుఃఖంలో నిన్ను ఒంటరిగా వదలకూడదనుకుందే కానీ ఇలా అవుతుందనుకోలేదట. ఐ ట్రైడ్ పిన్నీ, చాలా చెప్పాను, వినట్లేదు."

"దానికి మతి గాని పోయిందా!" అని అరిచాను. "ఫోన్ దానికి ఇవ్వు సాయంత్రం. నేను మాట్లాడతా."

ఆ సాయంత్రం ఆ పిల్ల ఫోన్‌ని స్పీకర్‌లో డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. అక్క గదికి అవతలి చివర సోఫాలో కూర్చుందట, దగ్గరికి రానంటే రానందట. అక్కణ్ణుంచే అరిచింది, "తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నా. మందు వేసుకున్నావా?"

"మందేమీ ఇవ్వలేదు."

అక్కడ అల్లుడు, కూతురు, మనవలు. ఇక్కడ మా వాళ్ళు. అందరూ వింటున్నారు. మా అత్తగారి మీద చాడీలు ఎలా చెప్పుకుంటాం, అక్క కూతురి అత్తవారింటి సంగతులు ఎలా ఎత్తుతాం? ఊపిరి తీసుకోవడం కూడా సభలో తీసుకున్నట్టుంది. "చలిగా ఉందా?" అంది అక్క. "ఉంది" అన్నాను. కోపం ముంచుకొచ్చి పెట్టేశాను. తిన్నావా పడుకున్నావా అని అడగడానికి అక్కే కావాలా? బ్యాంకువాళ్ళు కూడా అంత మర్యాదగానే అడుగుతారు.

ఆ తర్వాత వారాలు అలాగే గడిచాయి. గడ్డ నన్ను అంత భయపెట్టలేదు. ఆ చెవి పోయే చెవి, అది నాకు తెలుసు. పోయేలోపు అందులో అక్క మాట ఎంత పడితే అంత పడాలని నా ఆశ. ఆ చెవికి అలవాటైన గొంతు అదొక్కటే. ఇదేమో నా చెవిని కాపాడుతున్నాననుకుని నోరు మూసుకుని కూర్చుంది. దాని ప్రేమ చూసి ఏడవాలో, తెలివి చూసి మొత్తుకోవాలో తెలియక, ఎవరూ లేని ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి అక్క కూతురు నా ఫోన్‌కి చేసింది.

"పిన్నీ, అమ్మ ఇంట్లో లేదు! లంచ్‌కి వచ్చి చూస్తే లేదు. ఫోన్ బియ్యం డబ్బాలో ఉంది. బిల్డింగ్ అంతా వెతికాం. ఇప్పుడే ఎదురింటి గుజరాతీ ఆంటీ చెప్పింది, పొద్దున తనే న్యూవార్క్‌లో ట్రైన్ ఎక్కించిందట. మీ దగ్గరికి వస్తోందట!"

"ఒక్కతేనా?"

"ఒక్కతే పిన్నీ. ఫోన్ లేకుండా!"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ దేశంలో ఒంటరిగా లిఫ్ట్ ఎక్కాలంటేనే భయపడే మనిషి. ఇంగ్లీషులో "థాంక్యూ" తప్ప ఒక్క ముక్క రాదు. ఫోన్ చెయ్యకుండా నాతో మాట్లాడాలంటే ఇక మిగిలిన దారి ఇదొక్కటే అని రైలెక్కేసింది. పగలంతా కూర్చుని వస్తోంది, ఎక్కడ దిగాలో ఎలా తెలుస్తుంది? అమ్మాయి ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. ఇద్దరం స్టేషన్‌కి రైలు వేళకంటే బాగా ముందే చేరి, ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాం.

రైలాగింది. టోపీ పెట్టుకున్న రైలు ఉద్యోగి ఒకాయన ముందు దిగి, మెట్ల మీద చెయ్యందించాడు. ఆ చెయ్యి పట్టుకుని దిగింది అక్క. నేత చీర, దాని మీద మనవడి పెద్ద జాకెట్టు, కాళ్ళకి తెల్ల బూట్లు, చంకలో సంచీ. ఆయనకి "థాంక్యూ" చెప్పింది, సంచీలోంచి జంతికల పొట్లం తీసి చేతిలో పెట్టింది. ఆయన ఆ పొట్లం పట్టుకుని మా ఇద్దరికేసి చూసి నవ్వాడు. దారంతా ఆయన్ని కంగారుపెట్టి ఉంటుంది, "క్యారీ, క్యారీ" అని.

నా దగ్గరికి వచ్చి బాగున్నావా అనలేదు. "ఏ చెవే?" అంది.

కుడి చెవి చూపించాను. అరచేయి దాని మీద పెట్టి అలా నిలబడిపోయింది. రైలు కదిలి వెళ్ళిపోయింది, అయినా తియ్యలేదు. "నీ బుద్ధి తగలెయ్య, ఫోన్ చేస్తే సరిపోయేదానికి రైలెక్కి వస్తావా" అని తిట్టాను. తిట్టి, దాని భుజం మీద పడి బావురుమన్నాను.

అక్క మా ఇంట్లో నెల పైనే ఉంది. ఎప్పుడూ నా కుడి పక్కనే కూర్చునేది. భోజనాల దగ్గర అల్లుడు గారు పొరపాటున ఆ కుర్చీలో కూర్చుంటే, "నాయనా, అది నా సీటు" అని లేపేసేది. ఉన్నన్నాళ్ళు వాడుకోవాలి కదే అని ఆ చెవిలోనే గుసగుసలన్నీ చెప్పేది. చిన్నప్పుడు ఒకే పక్కలో పడుకుని చెప్పుకున్నట్టే. తెనాలి మాటలు, అమ్మ చేతి ముద్దపప్పు, మా చిన్నత్త ఎర్రచీర కథ, అన్నీ మళ్ళీ మొదటి నుంచి.

కానీ దాని లోపలి ముల్లు పోలేదు. రోజూ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయితో వాదం పెట్టుకునేది.

"ఎక్స్‌రేల్లాంటివి కావు పెద్దమ్మా ఇవి. చాలా వీక్. ఒంటిని కాస్త వేడి చేయగలవంతే, అదీ ఏమంత కాదు."

"రుజువు లేదన్నావు. లేదంటే అసలు లేదనా? ఇంకా దొరకలేదనా?"

అమ్మాయి ఆలోచించింది. అబద్ధమాడే పిల్ల కాదు. "నూటికి నూరుపాళ్ళు ఏమీ లేదని ఏ సైంటిస్టూ అనడు పెద్దమ్మా. చూసినంతలో కనపడలేదంటాం. ఇంకా చూస్తున్నాం అంటాం."

"అదిగో!" అంది అక్క, ముద్ద కంచంలో వదిలేసి. "నువ్వు నా మనసు నొప్పించకూడదని తియ్యగా మార్చి చెప్తున్నావు. నేనే ఆ డాక్టరుని అడుగుతా."

తను వచ్చింది అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. కబుర్ల కోసం కాదు, తీర్పు కోసం. డాక్టరు చెప్పేదాకా అది నిద్రపోదు, ఫోన్ ముట్టుకోదు. ఆ తీర్పు అటు ఇటు అయితే మా కబుర్లు ఈ నెలతో ఆఖరు.

తర్వాతి వినికిడి పరీక్ష అపాయింట్‌మెంట్‌కి అక్కని వెంట తీసుకెళ్ళాం. అమ్మాయి చెప్పేది నమ్మదు కాబట్టి, హాస్పిటల్ వాళ్ళనే తెలుగు చెప్పే మనిషిని ఏర్పాటు చెయ్యమని అడిగింది. ఇక్కడ అలాంటి సదుపాయం ఉంది. నర్సు ఒక ఫోన్ తెచ్చి స్పీకర్‌లో బల్ల మీద పెట్టింది. అక్క కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఫోన్‌లోంచి ఒక ఆడపిల్ల గొంతు, చక్కటి తెలుగు: "నమస్కారమండీ, నేను మీ దుబాసీని. డాక్టరు గారు ఏమంటే అది, మీరు ఏమంటే అది, ఉన్నదున్నట్టు చెప్తాను."

అక్క ముఖం విప్పారింది. "ఏ ఊరమ్మా మీది?"

"నా సొంత విషయాలు చెప్పకూడదండీ."

"సరేలే తల్లీ. భోంచేశావా?"

ఆ అమ్మాయి ఆ ప్రశ్నని ఇంగ్లీషులో డాక్టరుకి చెప్పేసింది. ఏమంటే అది చెప్తానందిగా! డాక్టరమ్మ కనుబొమలెత్తి, ఏదో అంది. "తిన్నానండీ, శాండ్‌విచ్" అంది ఫోన్. నేను నవ్వాపుకోలేక చచ్చాను.

అక్క నవ్వలేదు. కొంగు భుజం చుట్టూ లాక్కుని, సర్దుకుని కూర్చుంది. జడ్జి ముందు నిలబడ్డట్టు ఒక్కో మాటా తూచి చెప్పింది. "రెండేళ్ళు పొద్దస్తమానం నేను దీంతో ఫోన్‌లో ఉన్నాను. నేనే ఉండమన్నాను, పెట్టెయ్యొద్దన్నాను. దీని చెవి నా వల్ల పోతోందా? నా ముఖం చూసి తగ్గించి చెప్పొద్దను. నిజం చెప్పమను."

ఫోన్‌లో ఆ అమ్మాయి చెప్పింది. దాని గొంతు కూడా కొంచెం మారింది. డాక్టరమ్మ కంప్యూటర్ వదిలేసి, కుర్చీ తిప్పుకుని అక్కకి ఎదురుగా జరిగింది. ఆవిడ మాట్లాడి ఆగినప్పుడల్లా ఆ తెలుగు గొంతు అందుకుంది.

"ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. ఫోన్ వల్ల ఇలాంటి గడ్డ వస్తుందని తేలలేదు. ఎప్పటికీ తేలదని నేను ఒట్టు వెయ్యలేను, ఇంకా చూస్తూనే ఉన్నారు. కానీ మీ చెల్లెలి గడ్డ గురించి ఒకటి చెప్పగలను. ఇది చాలా నెమ్మదిగా పెరిగే రకం. ఇంత కావడానికి ఎన్నో ఏళ్ళు పట్టి ఉంటుంది. బహుశా మీరు ఆవిడకి ఆ మొదటి ఫోన్ చెయ్యకముందే ఇది అక్కడుంది. మీరు తెచ్చిపెట్టింది కాదు. మీరు చేసిందల్లా, ఆవిడని ఒంటరిగా వదలకపోవడం."

అక్క ముందుకి వంగి, బల్ల మీది ఆ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది. ఇన్ని వారాలు ముట్టుకోని ఫోన్‌ని నోటికి దగ్గరగా తెచ్చుకుని, "నువ్వు చల్లగా ఉండు తల్లీ" అంది. అది డాక్టరుతో అందో, ఆ ఊరూ పేరూ తెలియని పిల్లతో అందో. ఆ పిల్ల దాన్ని కూడా ఇంగ్లీషులో చెప్పింది.

కారెక్కగానే మాత్రం, "ఒట్టు వెయ్యలేనంది చూశావా" అని మొదలుపెట్టబోయింది. మా అమ్మాయి స్టీరింగ్ మీద తల ఆనించి "పెద్దమ్మా, ప్లీజ్!" అంది. "సరేలే, అన్నాను, అంతే" అంది అక్క. ఆ మధ్యాహ్నం సోఫాలో నా పక్కన పడి నిద్రపోయింది, ఎన్నాళ్ళ నిద్రో అది. నేను కదిలితే లేస్తుందని సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను.

వేసవి మొదట్లో అక్కని దాని అల్లుడు వచ్చి కారులో తీసుకెళ్ళాడు. రెండోరోజు పొద్దున గరాజ్ తలుపు అలా దిగిందో లేదో, ఫోన్ మోగింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మునుపటి అక్కే. భయం పోయాక దాని నోటికి పట్టపగ్గాల్లేవు. ఆ నెలలన్నీ దాచుకున్నవన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. నేను ఇంటిపని చేస్తూ, ఎప్పటిలాగే కుడి చెవికి ఇరికించుకుని వినేదాన్ని. మోత అలాగే ఉంది, మాట పల్చబడుతోంది, అయినా వినిపించేది.

ఆ రోజు బెండకాయలు తరుగుతున్నాను. వానొచ్చేలా ఉంది, కిటికీ బయట చెట్లు ఊగుతున్నాయి. అక్క ఏదో పనిలో ఉన్నట్టుంది, మాట్లాడటం లేదు. మాకది కొత్త కాదు కదా. నేనూ మాట్లాడలేదు. బెండకాయలు సగం అయ్యాయి. ఇవాళ దీని వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా లేదేమిటా అనుకున్నాను. ఇంతలో మెడ నొప్పి పుట్టి ఫోన్ తీసి అటు మార్చుకున్నాను.

ఎడమ చెవిలో అక్క గలగలా మాట్లాడుతోంది.

మళ్ళీ కుడి చెవికి పెట్టి చూశాను. ఏమీ లేదు. మోత కూడా లేదు, ఆ చివరి మోత కూడా పోయింది. చాకు చేతిలోంచి గట్టు మీద పెట్టాను. అరవాలనిపించింది, అక్కా పోయిందే, ఆ చెవి పోయిందే అని. ఎవరితో చెప్పుకోవాలి ఆ మాట, దానితో కాకపోతే? కానీ చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. డాక్టరు ఎంత చెప్పినా, ఫోన్ ఎంత తెలుగులో చెప్పినా, "ఒట్టు వెయ్యలేనంది కదా" అంటుంది. ఇంకో చెవినైనా కాపాడదాం అంటుంది. ఫోన్ బియ్యం డబ్బాలోకి పోతుంది.

ఎడమ చెవికి పెట్టుకున్నాను. అక్క నవ్వుతోంది, మధ్యలో దగ్గుతోంది.

"...ఆవిడేమో చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ కదిలే మెట్ల మీదే చతికిలబడిపోయింది! వెనక జనమంతా... ఒసేయ్, వింటున్నావా?"

ఎవరు చతికిలబడ్డారో, ఎక్కడో, ఎందుకో నాకు తెలియదు. ముందుదంతా నా కుడి పక్కన చెప్పేసింది.

"వింటున్నా" అన్నాను. "బలే ఉంది. తర్వాతేమైందో చెప్పు."